పద్మనాభం నేలపై ఒరిగిన పూసపాటి ప్రభువు – చిన విజయరామరాజు

గుడారి పక్కగా పారే వంశధార గునుపురం దాటి, తెలుగు నేల మీదుగా సాగి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. నది ఒక్కటే. దాని ఒడ్డున ఉన్న ఊళ్ళకు మాత్రం ఏలికలు మారుతూ వచ్చారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు గునుపురం తాలూకా విశాఖపట్నం జిల్లాలోనిది. అటుపిమ్మట కోరాపుట్ జిల్లాలోను, 1992 అక్టోబరు 2 నుండి రాయగడ జిల్లాలోను చేరింది. ఇది పెద్దలందరూ ఎరిగిన సంగతే. అయితే అంతకు మరొక నూట నలభై ఏళ్ళ వెనుక, 1794వ సంవత్సరంలో, ఇక్కడికి ఎంతో దూరాన ఉన్న పద్మనాభం కొండ దిగువ ఒక తెల్లవారుజామున జరిగిన పోరు మన కొండల పాలనను సైతం మార్చివేసిన వైనం అంతగా ఎవరూ చెప్పుకోరు. ఆ పోరులో ప్రాణాలు విడిచిన విజయనగర ప్రభువు పూసపాటి చిన విజయరామరాజు జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాము.

మొదట ఒక తికమక తీర్చవలసి ఉన్నది. బుర్రకథలలోను, 1964లో వచ్చిన బొబ్బిలి యుద్ధం చలనచిత్రంలోను మనం చూసే విజయరామరాజు ఈయన కాదు. ఆయన పెద విజయరామరాజు. ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకొని 1757 జనవరి 24న బొబ్బిలి కోటను నేలమట్టం చేయించి, కొద్ది రాత్రులు గడవకముందే తన డేరాలోనే తాండ్ర పాపారాయుని కత్తికి బలియైనవాడు ఆయన. ఆ కథ ఊరూరా పాడబడింది. మన కథానాయకుని కథకు అంతటి గాయకులు దొరకలేదు. గెలిచి చచ్చినవానికి దక్కిన ప్రచారం ఓడి చచ్చినవానికి దక్కలేదన్నమాట. పెద్దాయన గెలుపు పరాయి ఫిరంగులు తెచ్చి పెట్టినది కాగా, చిన్నాయన ఓటమి ఆ ఫిరంగులకు ఎదురు నిలిచినందుకు వచ్చినది.

పెద విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో పొసగక ఇంగ్లీషువారిని ఆహ్వానించాడు. విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి చేతి నుండి తప్పించి ఇంగ్లీషువారికి అప్పగించాడు. కలకత్తా నుండి క్లైవు పంపగా కర్నలు ఫోర్డు సేనతో వచ్చి దిగాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. కోస్తాలో ఇంగ్లీషు కుంఫిణీ వేళ్ళూనినది అప్పుడే. ఆ విజయాన్ని అనుభవించే భాగ్యం ఆనందరాజుకు లేకపోయింది. ఆయన మశూచి సోకి మరణించాడు. సంతానం లేనందున అంతఃపురం వారు పూసపాటి వంశంలోనే పన్నెండేళ్ళ బాలుని దత్తత చేసుకొని పట్టం కట్టారు. ఆ బాలుడే చిన విజయరామరాజు.

అప్పటికి ఉత్తర సర్కారుల స్థితి దయనీయం. పదేళ్ళలో ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు, మరాఠాలు, నిజాము మనుషులు, స్థానిక జమీందారులు ఒకరి వెంట ఒకరు ఆ నేల మీదుగా సైన్యాలు నడిపించారు. సైన్యం నడిచిన దారిలో చేను మిగలదు, గాదె మిగలదు. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766, 1768 సంవత్సరాలలో నిజాముతో ఒడంబడికలు – వీటితో ఈ దేశం కాగితం మీద కుంఫిణీదైపోయింది. కాగితం మీద వచ్చిన హక్కు కొండల్లోకి రావడానికి మరెంతో కాలం పట్టింది. కొత్త ఏలికలకు ఇక్కడి భాష తెలియదు, దారులు తెలియవు, ఏ ఊరు ఎంత పండుతుందో తెలియదు. అందువలన శిస్తు వసూలుకు పాత రాజులనే ఆశ్రయించక తప్పలేదు. ఆ రాజులలో అందరికంటె పెద్దవాడు విజయనగర ప్రభువు.

పట్టాభిషిక్తుడు చిన విజయరామరాజు అయినను అధికారమంతయు ఆయన సవతి అన్న సీతారామరాజు చేతిలో ఉండేది. సీతారామరాజు దివాను. చురుకైనవాడు, గడుసువాడు, ఆశకు అంతులేనివాడు. ఆయన హయాంలోనే విజయనగర సేనలు 1761లో పర్లాకిమిడిపై దండెత్తి గెలిచాయి. ఒక్కొక్క జమీందారీని లోబరచుకొంటూ పోయి ఇంచుమించు నేటి ఉత్తరాంధ్ర అంతటిని, మన జయపురం సంస్థానంతో సహా, విజయనగరం కింద చేర్చారు. పాలకొండ, సాలూరు, కురుపాం, పాచిపెంట, మాడుగుల, కాశీపురం – అందరూ విజయనగరానికే కప్పం కట్టవలసినవారు. కొండ ప్రభువులలో కొందరు తమ కోటలు కోల్పోయి విజయనగర కోటలో బందీలై ఉండేవారు. బొబ్బిలి యుద్ధంలో ప్రాణాలతో బయటపడిన బాలుడు చిన రంగారావు కూడ ఏళ్ళ తరబడి ఆ కోటలోనే నిర్బంధంలో ఉన్నాడు.

జయపురం సంగతి ఇక్కడ చెప్పుకొనవలెను. జయపురం రాజులు విజయనగరం ఆధిపత్యాన్ని మనస్ఫూర్తిగా ఏనాడూ ఒప్పుకొన్నవారు కారు. కొండదారులు వారికి తెలుసు, మైదానపు సేనలకు తెలియవు. చివరకు విజయనగరం పక్షాన కుంఫిణీ దళమే వెళ్ళి 1775లో జయపురం కోటను పట్టుకొని పడగొట్టింది. గుడారి, గునుపురం, రాయగడ ప్రాంతాలు జయపురం సంస్థానంలోనివి గనుక ఆనాడు మన పూర్వులకు నెత్తిన ముగ్గురు ప్రభువులు – దగ్గరలో జయపురం, దానిపై విజయనగరం, ఆపైన కుంఫిణీ. ముగ్గురికీ ముట్టవలసినది రైతు కళ్ళంలో నుండే.

చిన విజయరామరాజు పెరిగి పెద్దవాడైన కొలది అన్న పెత్తనం సహించలేకపోయాడు. తన బంధువైన జగన్నాథరాజును దివానుగా పెట్టుకొని సంస్థానాన్ని స్వయంగా చూచుకోవలెనని ఆయన కోరిక. అన్నదమ్ముల పోరు కుంఫిణీ దొరలకు మంచి ఆదాయమయింది. 1778లో చెన్నపట్నం గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డు సర్కారుల జమీందారులందరినీ చెన్నపట్నానికి రమ్మని ఉత్తరువు చేశాడు. అన్ని వందల మైళ్ళు పరివారంతో ప్రయాణం చేయడమంటే అప్పులపాలు కావడమే. సీతారామరాజు అక్కడ దొరలను తగు విధాన ప్రసన్నులను చేసుకొన్నాడు. విజయరామరాజు ఇష్టపడకున్నను జగన్నాథరాజును తొలగించి, సీతారామరాజునే దివానుగా అంగీకరించవలసి వచ్చింది. తన సంస్థానానికి దివాను ఎవరన్నది వందల మైళ్ళ అవతల పరాయి కచేరీలో తేలుతుందని ముప్పై ఏళ్ళ ఆ రాజు అనుభవంతో తెలుసుకొన్నాడు. రంబోల్డు చేసిన వ్యవహారాలు లండను దాకా పోయి 1781లో కుంఫిణీ డైరెక్టర్లు అతనిని ఉద్యోగం నుండి తొలగించారు. పార్లమెంటులో అతనిపై శిక్షా బిల్లు ప్రవేశపెట్టారు గాని అది మధ్యలోనే ఆగిపోయింది. దొర బయటపడ్డాడు, రాజులకు అయిన ఖర్చు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

1784లో కుంఫిణీ నియమించిన సర్క్యూట్ కమిటీ ఈ సంస్థానాన్ని పరిశీలించింది. విజయనగరం, దాని సామంతుల కింద పన్నెండు వేలకు మించిన సైన్యం ఉన్నదని గుర్తించి, ఇంతటి బలం కుంఫిణీకే ప్రమాదమని భావించింది. సైన్యాన్ని రద్దు చేయించవలెనని, పేష్కషు పెంచవలెనని ఆ కమిటీ అభిప్రాయం. సైన్యమంటే కేవలం ఆయుధాలు కాదు. ఒక్కొక్క సిపాయి వెనుక ఒక కుటుంబం, ఆ కుటుంబానికి ఒక మాన్యపు చెక్క. సైన్యం రద్దయితే అన్ని వేల ఇళ్ళలో పొయ్యి ఆరుతుంది. యుద్ధాలు ముగిసిన దేశాలలో ఆయుధం దించిన మనిషికి బ్రతుకుతెరువు ఏమిటన్న ప్రశ్న మన కాలంలోనూ ఎన్ని చోట్ల చిచ్చు రేపుతున్నదో పత్రికలు చదివేవారికి తెలియనిది కాదు. ఆ ప్రశ్నను ఆనాటి కమిటీ పట్టించుకొన్నట్లు కనబడదు.

అంతలో 1790 నుండి 1792 వరకు ఘోరమైన కరువు సర్కారులను పీడించింది. వానలు లేవు, పంటలు లేవు. జనం చచ్చినవారు చావగా మిగిలినవారు ఊళ్ళు విడిచిపోయారు. శిస్తు ఎక్కడ నుండి వస్తుంది? కుంఫిణీ మాత్రం మైసూరు యుద్ధపు ఖర్చులలో మునిగి ఉన్నది. బకాయిలు చెల్లించమని విజయనగరంపై ఒత్తిడి పెంచింది. ఇన్నేళ్ళు వసూళ్ళు నడిపిన సీతారామరాజును కుంఫిణీవారు చెన్నపట్నానికి పిలిపించి అక్కడే ఉంచారు. అన్న నిర్వాకం, దొరల ముడుపులు, కరువు – అన్నిటి భారం విజయరామరాజు మీద పడింది. బాకీ తీరలేదు. 1793 ఆగస్టులో కుంఫిణీ సేన వచ్చి విజయనగరం కోటను స్వాధీనం చేసుకొన్నది. ఆ రోజున పోరాటమేమీ జరగలేదు. సంస్థానం జప్తయింది.

రాజావారు సంస్థానంలో ఉంటే ప్రజలు ఆయన మాటే వింటారని దొరలకు భయం. అందుచేత నెలకు 1,200 రూపాయల భరణం పుచ్చుకొని మచిలీపట్నం వెళ్ళి నివసించవలసినదని ఆజ్ఞ చేశారు. ఉత్తర సర్కారులలో అతి పెద్ద సంస్థానాధిపతికి, వేల సేనకు నాయకునికి, అది పింఛను పుచ్చుకొనే ముదుసలి ఉద్యోగి బ్రతుకు. అయినను ప్రాణం నిలిచే దారి అదొక్కటే. ఆయన కాదనలేదు, ఔననలేదు. నెలలు గడిపాడు. ప్రయాణమై బయలుదేరినట్లే బయలుదేరి, దక్షిణంగా పోవడానికి మారుగా విజయనగరానికి, భీమునిపట్నానికి నడుమనున్న పద్మనాభం చేరి విడిది చేశాడు. అక్కడ కొండ మీద అనంత పద్మనాభస్వామి ఆలయం, దిగువన గోస్తనీ నది. రాజును వెతుక్కొంటూ క్షత్రియ సర్దారులు, వెలమ దొరలు, జీతాలు పోయిన సిపాయీలు వచ్చి చేరసాగారు. నాలుగు వేల మంది దాకా కూడారు.

ఇక్కడ ఈ రచయితకు ఎప్పుడూ ఒక సందేహం. విజయరామరాజు నిజంగా యుద్ధమే కోరి ఉంటే పద్మనాభంలో ఎందుకు కూర్చొన్నట్లు? అది మైదానం. ఫిరంగి సిపాయీలకు అనువైన చోటు. కొండ జమీందారులు ఆయన వెంట ఉన్నారు. కాశీపురం దాటి మన్యంలోకి పోతే కుంఫిణీ పటాలాలు ఏళ్ళ తరబడి వెంటాడవలసి వచ్చేది. ఆయన అలా చేయలేదు. కోటను అప్పగించినప్పుడూ కత్తి తీయలేదు. ఊరు విడిచి పోనని, దొరలు తనతో మాట్లాడక తప్పని స్థితి కల్పించవలెనని ఆయన ఉద్దేశమై ఉండవచ్చునని మాకు తోస్తుంది. దొరలు మాట్లాడే దశ దాటిపోయారు. నాలుగు వేల మంది గుంపు వారి కంటికి తిరుగుబాటుగానే కనబడింది.

లెఫ్టినెంట్ కర్నలు ప్రెండర్‌గాస్టు అయిదు కంపెనీల సిపాయీలతో, అనగా ఇంచుమించు ఏడు వందల యాభై మందితో, వచ్చాడు. లొంగిపొమ్మని కబురు చేశాడు. రాజు లొంగలేదు. 1794 జూలై 10న తెల్లవారుతుండగా దాడి మొదలయింది. సంఖ్యలో రాజు పక్షమే అనేక రెట్లు అధికం. కాని ఒక పక్క శిక్షణ పొంది, వరుసలు తీరి, ఒకే మాటకు తుపాకులు పేల్చే సిపాయీలు. మరొక పక్క కత్తులు, ఈటెలు, పాత తుపాకులతో ఎవరి సర్దారు వెంట వారు నిలిచిన జనం. గంట లోపలనే అంతా ముగిసిపోయింది. కుంఫిణీ వైపు పదమూడు మంది చనిపోయారు, అరవై ఒక్కరు గాయపడ్డారు. రాజు వైపు పొలం నిండా శవాలే. చిన విజయరామరాజు అక్కడే నేలకొరిగాడు. ఆయన దేహం చుట్టూ దేశంలోని ప్రధాన సర్దారులలో పలువురు పడి ఉన్నారు. పారిపోవడానికి అవకాశం ఉండి కూడ వారు పోలేదని ఆ పడి ఉన్న తీరే తెలియజేసింది. చంపినవారు సైతం ఎక్కువమంది మన దేశపు సిపాయీలే అన్నది మరవరానిది.

రాజు పోయాడు గనుక వ్యవహారం తీరిపోయిందని దొరలు అనుకొని ఉంటారు. అలా జరగలేదు. రాజు కుమారుడు నారాయణబాబు బాలుడు. అతనిని రాణివాసపు మనుషులు, నమ్మిన బంట్లు తప్పించి ఉత్తరంగా మన్యం వైపు తీసుకొనిపోయారు. కొండ జమీందారులు ఆ బాలుని కాశీపురం చేర్చి రక్షణగా నిలిచారు. ఇదొక వింత. ఆ జమీందారులలో అనేకులు విజయనగరం చేత బాధలు పడినవారు, కోటలు పోగొట్టుకొన్నవారు. తండ్రి హయాంలో పగవాడైన రాజు కొడుకును గుండెకు హత్తుకోవడం వట్టి జాలితో జరిగినది కాదు. విజయనగరం తెగిపడితే తరువాతి వంతు తమదేనని వారికి అర్థమయింది. బాలుని పేరు మీద దేశంలో అలజడి రేగింది. శిస్తు వసూళ్ళు కుంటుపడ్డాయి. ఊళ్ళలో రైతులు పరాయి అమీనులకు చెల్లించడానికి వెనుకాడారు. కొండల మీదకు పటాలాలను పంపితే జ్వరాలు పట్టి పడిపోతాయి, దారులు తెలియవు. 1794లోనే విశాఖపట్నంలోని చీఫ్, కౌన్సిల్ పద్ధతిని ఎత్తివేసి కలెక్టర్లను నియమించారు గాని, కలెక్టరు వచ్చినంత మాత్రాన జనం విధేయులు కారు.

చెన్నపట్నం ప్రభుత్వం చివరకు లెక్క చూచుకొన్నది. యుద్ధం సాగిస్తే అయ్యే ఖర్చు ఎంత, బాలుని తిరిగి గద్దె మీద కూర్చోబెడితే వచ్చే పేష్కషు ఎంత అని. గవర్నరు లార్డు హోబర్టు కాలంలో రాజీ కుదిరింది. క్షమాభిక్ష వాగ్దానంపై బాలుడు కొండ దిగి వచ్చాడు. 1796లో ఆరు లక్షల రూపాయల పేష్కషు షరతుపై నారాయణబాబుకు సంస్థానం కౌలుగా ఇచ్చారు. అయితే అది తండ్రి ఏలిన విజయనగరం కాదు. కొండ జమీందారులందరినీ దాని నుండి వేరు చేసి నేరుగా కుంఫిణీ కింద ఉంచారు. బాలుని కాపాడినవారికి వారి వారి జమీందారీలు దక్కాయి. బాలునికి మైదానం దక్కింది. ఇరువురూ కలిసి మరొకసారి నిలిచే వీలు లేకుండ గీత గీసినవారు కుంఫిణీవారు. వారి తెలివి మెచ్చుకోదగినదే, మనకు నచ్చకపోయినను. 1802 శాశ్వత పైసలా నాటికి విజయనగరం 24 పరగణాలు, 1,157 గ్రామాల సంస్థానంగా స్థిరపడింది. పేష్కషు అయిదు లక్షలు.

బొబ్బిలి సంగతి కూడ ఇప్పుడే తేలింది. విజయనగర కోటలో బందీగా ఉన్న చిన రంగారావు 1790లో తప్పించుకొని నిజాము రాజ్యానికి పోయి తలదాచుకొన్నాడు. పద్మనాభం పోరు జరిగిన ఆ 1794లోనే కుంఫిణీవారు ఆయనను పిలిపించి బొబ్బిలిని తిరిగి ఇచ్చారు. ముప్పై ఏడేళ్ళ క్రితం తగలబడిన కోట పరిసరాలలో పొలాలు మళ్ళీ స్వంత దొరకు శిస్తు కట్టాయి. ఒక వంశం పతనమైన ఏడాదే దాని చేత పతనమైన మరొక వంశం లేచి నిలబడడం చరిత్రలో అరుదైన ముచ్చట.

ఇక జయపురం. పద్మనాభం గొడవలో రాజా రామచంద్రదేవు విజయనగర పక్షాన చేరలేదు. అందుకు ప్రతిఫలంగా కుంఫిణీ ఆయనకు స్వతంత్ర సనదు ఇచ్చింది; విజయనగరం ఆధిపత్యం నుండి జయపురం విడివడింది. మొదట ఇరవై అయిదు వేలుగా ఉన్న పేష్కషు 1803 నాటికి పదహారు వేల రూపాయలయింది. అంతటి విశాలమైన సంస్థానానికి అది నామమాత్రపు సొమ్ము. గుడారి రైతు నెత్తిన ఉన్న ముగ్గురు ప్రభువులలో నడిమివాడు ఆ విధంగా తొలగిపోయాడు. రైతుకు బరువు తగ్గిందా అంటే అనుమానమే. పైనున్న దొరలు 1863 వరకు కొండ మీదకు ఠాణాలు, కచేరీలతో రానేలేదు గనుక కిందివాడు చెప్పినదే శాసనమయింది.

కొండ జమీందారులను విడదీసినంత మాత్రాన మన్యం శాంతించలేదు. 1832 ప్రాంతంలో పర్లాకిమిడి, పాలకొండ తదితర చోట్ల మళ్ళీ తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచడానికి రస్సెలు దొరను ప్రత్యేకాధికారిగా పంపారు. ఆయన సలహాపై వచ్చిన 1839 నాటి 24వ చట్టం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుండి తప్పించి, గవర్నరుకు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికి అప్పగించింది. మన అమ్మమ్మలు, తాతలు తమ ఊళ్ళను ఏజెన్సీ అని పిలవడానికి మూలం ఆ ఏజెంటే.

నారాయణ గజపతి తండ్రిని చూచిన కొద్ది ఏళ్ళ జ్ఞాపకంతో పెరిగాడు. పేష్కషు కట్టలేక అప్పులు పెరిగాయి. సంస్థానాన్ని కుంఫిణీ నిర్వహణకు వదిలి 1827లో కాశీకి వెళ్ళి, అక్కడే 1845లో కన్నుమూశాడు. ఆయన కుమారుడు మరొక విజయరామ గజపతి హయాంలో అప్పులు తీరి, విజయనగరంలో 1857లో పాఠశాల వెలిసింది. అదే తరువాత కళాశాలయింది. సరిహద్దు ఊళ్ళ నుండి చదువుకొనబోయిన పిల్లలు ఎందరో ఆ మెట్లెక్కారు.

చిన విజయరామరాజు సమాధి పద్మనాభంలోనే ఉన్నది. మన వైపు నుండి గునుపురం, పార్వతీపురం, విజయనగరం మీదుగా సింహాచలం యాత్రకు వెళ్ళేవారు కొంచెం పక్కకు తిరిగితే ఆ ఊరు తగులుతుంది. కొండ మెట్లెక్కి స్వామిని దర్శించుకొనే యాత్రికులు, కింద తోపు వైపు కూడ ఒకసారి వెళ్ళి చూడవచ్చును.